సన్నగాలిలో సాగరయానం

గాలి వేగం సగానికి తగ్గితే తెరచాప మీద దాని ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. 20 నాట్ల గాలి చదరపు మీటరు తెరచాప మీద సుమారు ఆరున్నర కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. 10 నాట్ల గాలికి అది కిలోన్నర పైచిలుకు. 5 నాట్లకు నాలుగు వందల గ్రాములే. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. కాబట్టి 5 నాట్ల గాలి మనిషి మెల్లగా పరుగెత్తితే ముఖానికి తగిలేపాటిది. ఇరవై టన్నులు పైబడిన పడవను అంతమాత్రం గాలితో నడిపించాలి. గాలిని కొలిచే బోఫర్ట్ మానంలో 0 నుంచి 12 దాకా అంకెలుంటాయి. నీళ్లు అద్దంలా నిలిచిపోతే 0, సముద్రం మీద సన్నని ముడతలు పడితే 1, విరగని చిన్న అలలు లేస్తే 2, అక్కడక్కడా నురగ కనబడితే 3. ఈ అధ్యాయం మొదటి మూడు అంకెల గురించి.

ఇంత బలహీనమైన గాలి సముద్రంలో కొన్ని పట్టీలను అంటిపెట్టుకుని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర ఎండకు వేడెక్కిన గాలి నిటారుగా పైకి లేస్తుంది. ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి వచ్చే వ్యాపార పవనాలు అక్కడ కలిసి, అడ్డంగా వీచే బలం పోగొట్టుకుంటాయి. నావికులు డోల్డ్రమ్స్ అని పిలిచే శాంత మండలం ఇదే. పైకి లేచిన గాలి రెండు వైపులా 30 డిగ్రీల అక్షాంశాల ప్రాంతంలో కిందికి దిగుతుంది. అక్కడా గాలి ఆడదు. వ్యాపార పవనాల మొదటి పటాన్ని 1686లో ఎడ్మండ్ హేలీ గీశాడు. అవి ఏటవాలుగా ఎందుకు వీస్తాయో భూభ్రమణంతో ముడిపెట్టి 1735లో జార్జ్ హ్యాడ్లీ వివరించాడు. 19వ శతాబ్దం నడుమ అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ మోరీ వేలాది ఓడల దినచర్య పుస్తకాలు కూర్చి, శాంత మండలం ఏ నెలలో ఎక్కడ ఇరుకుగా ఉంటుందో లెక్క తేల్చాడు. ఆ పటాలు చూసి దారి మార్చుకున్న ఓడలకు వారాల కొద్దీ కాలం కలిసి వచ్చింది.

హిందూ మహాసముద్రం ఈ పద్ధతికి పూర్తిగా లొంగదు. ఉత్తరాన పెద్ద భూఖండం అడ్డం ఉండటం వల్ల ఇక్కడి గాలులు ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం. నడుమ ఏప్రిల్, మే నెలల్లోనూ అక్టోబరు ప్రాంతంలోనూ పాత గాలి పోయి కొత్త గాలి రాని రోజులుంటాయి. అరేబియా సముద్రం ఆ రోజుల్లో వేడెక్కి, బద్ధకంగా, నూనె పోసినట్టు కనబడుతుంది.

భారత నౌకాదళానికి చెందిన తెరచాప పడవ ‘తారిణి’ ఈ రెండు సంధికాలాలనూ దాటింది. ‘నావికా సాగర పరిక్రమ’ పేరుతో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన ఈ పడవలో ఆరుగురు మహిళా అధికారులు ఉన్నారు. సారథి వర్తికా జోషి. మిగతా అయిదుగురిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. పడవ పొడవు సుమారు 17 మీటర్లు, తెరచాప కొయ్య ఎత్తు 25 మీటర్లు. గోవాలోనే తయారై 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. గోవా నుంచి బయల్దేరి సెప్టెంబరు 25న భూమధ్యరేఖ దాటింది. సూటిగా కొలిస్తే ఆ దూరం సుమారు 930 నాటికల్ మైళ్లు. అంటే దక్షిణానికి గడించింది రోజుకు అరవై మైళ్ల పైచిలుకు. దారిలోని వంపులు, ఎదురుగాలులు అన్నీ అందులో కలిసే ఉన్నాయి. అదే పడవ డిసెంబరు 12న న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ వదిలి, 2018 జనవరి 19న దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రం చుట్టినప్పుడు దగ్గరి దారి లెక్కలోనే రోజుకు వంద మైళ్లు దాటింది. పడవ అదే, మనుషులూ వాళ్లే. రెండు లెక్కల నడుమ తేడాలో పెద్ద పాలు గాలిదే. చివరి మజిలీ మారిషస్ నుంచి గోవాకు. అది సరిగ్గా వానకాలం ముందరి నిశ్చల రోజుల్లో పడి, మే 21న ముగిసింది.

సన్నగాలికి మనుషులు కనిపెట్టిన మొట్టమొదటి మందు పంచాంగం. గాలి లేని నెలలో బయల్దేరకపోవడమే ఆ మందు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టు రేవుల నుంచి వచ్చే ఓడలు జులైలో కదిలి, నైరుతి గాలి వెన్నుదన్నుతో అరేబియా సముద్రం దాటేవి. ఎర్రసముద్రం మొగలోని ఒకెలిస్ నుంచి కేరళ తీరంలోని ముజిరిస్‌కు నలభై రోజుల ప్రయాణమని ప్లినీ రాశాడు. తిరుగు ప్రయాణం ఈశాన్య గాలి నిలబడ్డాకే, అంటే డిసెంబరు నాటికి. నడుమ నెలలన్నీ రేవులో ఎదురుచూపే.

ఆ ఎదురుచూపుల వ్యాపారం జాడలు సముద్రానికి ఎంతో దూరంలో, దక్షిణ తెలంగాణ మెట్ట నేలల్లో దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు వెయ్యికి పైగా ఒకే చోట బయటపడ్డాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి వనపర్తి జిల్లాలోని వీపనగండ్లలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కృష్ణ ఆవలి ఒడ్డున నాగార్జునకొండలోనూ రోమన్ నాణేలు లభించాయి. అక్కడి బోధిసిరి శాసనం కంటకసేల మహాచైత్యాన్ని పేర్కొంటుంది. కంటకసేల అంటే కృష్ణా ముఖద్వారం దగ్గరి ఘంటసాల. ఆ ఊళ్లోనే సివకుడనే మహానావికుడి పేరుతో శాసనం ఉంది. రెండు కొయ్యల ఓడ బొమ్మతో శాతవాహనులు నాణేలు అచ్చువేయించింది ఈ తూర్పు తీరంలోనే. నల్లగొండ మట్టిలో దాగిన ప్రతి రోమన్ నాణెం వెనుక గాలి కోసం రేవులో కాచుకున్న ఓడ ఒకటి ఉందనుకోవడం అతిశయోక్తి కాదు. ఇక్కడి చరిత్రను రాజుల యుద్ధాలతో చెప్పినంత శ్రద్ధగా ఆ గాలుల రాకపోకలతోనూ చెప్పవలసి ఉంది.

ఎంత పంచాంగం చూసుకున్నా ప్రపంచాన్ని చుట్టే పడవ ఏదో ఒక చోట సన్నగాలిలో పడక తప్పదు. అక్కడి నుంచి పని చేసేది భౌతికశాస్త్రం.

కదిలే పడవ మీది తెరచాపకు తగిలే గాలి వేరు, సముద్రం మీద వీచే గాలి వేరు. పడవ ముందుకు కదులుతున్నకొద్దీ ఎదురుగా మరో గాలి పుడుతుంది. రెండూ కలిస్తే వచ్చేదే తెరచాప అందుకునే గాలి. 6 నాట్ల గాలి సరిగ్గా పక్క నుంచి వీస్తూ, పడవ 4 నాట్లతో నడుస్తుంటే తెరచాపకు తగిలేది 7 నాట్ల పైమాటే. అదే 6 నాట్ల గాలి వెనుక నుంచి వీస్తే, 3 నాట్లతో కదిలే పడవకు మిగిలేది 3 నాట్లే. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మొదటి పడవకు రెండో దానికన్నా అయిదు రెట్లకు మించిన బలం అందుతుంది. వెన్నుగాలి సుఖమని ఒడ్డున ఉన్నవాళ్లు అనుకుంటారు. సన్నగాలిలో అంతకన్నా చేటు లేదు.

అందుకే నావికులు గమ్యం సూటిగా కనబడుతున్నా సూటిగా పోరు. గాలిని ఒక భుజం మీదికి తెచ్చుకుని కొంత దూరం, తర్వాత రెండో భుజం మీదికి మార్చుకుని కొంత దూరం, అలా వంకర్లు పోతారు. సూటి దారికి 35 డిగ్రీలు పక్కకు జరిగితే దూరం అయిదో వంతుకు కాస్త మించి పెరుగుతుంది. వేగం 3 నాట్ల నుంచి 4.2 నాట్లకు ఎక్కితే ఆ అదనపు దూరం పోను కూడా గంటకు దాదాపు అర మైలు లాభం. ఎంత కోణం జరిగితే ఎంత లాభమో ప్రతి పడవకూ వేరుగా ఉంటుంది. ఆ పట్టిక గీసి పెట్టుకుని, గాలి మారినప్పుడల్లా చూసుకుంటారు.

ఇందులోంచి మరో సూత్రం పుడుతుంది. పడవ వేగమే దాని గాలిలో కొంత భాగం కనుక, ఉన్న వేగాన్ని పోగొట్టుకోకపోవడం మిగతా అన్నిటికన్నా ముఖ్యం. ఒకసారి పూర్తిగా నిలిచిపోయిన పడవను అదే గాలితో మళ్లీ కదిలించడం చాలా కష్టం. చుక్కాని నీటికి అడ్డం తిరిగిన ప్రతిసారీ బ్రేకు పడుతుంది. కాబట్టి చుక్కాని పట్టినవారు దాన్ని వేళ్లతో పట్టుకున్నంత తేలికగా, కొద్దికొద్దిగానే కదిలిస్తారు. పడవలో నడిచేవాళ్లు కూడా అడుగు మెల్లగా వేస్తారు. కొయ్య కుదుపుకు తెరచాప మీద అతుక్కుని పారుతున్న గాలి విడిపోతుంది. అది మళ్లీ అతుక్కోవడానికి అంత సన్నగాలిలో నిమిషం పట్టవచ్చు.

నెమ్మదిగా కదిలే పడవకు అడ్డంకి ప్రధానంగా నీటి రాపిడి. వేగం పెరిగితే పడవ తానే లేపే అలలు అడ్డుపడతాయి కానీ, 3, 4 నాట్ల దగ్గర ఆ లెక్క స్వల్పం. రాపిడి తగ్గాలంటే నీటిలో మునిగి తడిసే భాగం తగ్గాలి. వెనుకభాగం వెడల్పుగా ఉండే పడవల్లో మనుషులూ సామానూ ముందుకు జరిగితే ఆ వెడల్పు నీటి పైకి లేస్తుంది. బరువును గాలి పోయే వైపుకు చేర్చి పడవను కొద్దిగా ఒరిగిస్తారు. అందువల్ల తడి భాగం తగ్గడమే కాక, గాలి తగినంత లేకపోయినా తెరచాప తన బరువుకే వంపు తిరిగి నిలబడుతుంది.

ఈ విద్య నేర్వడానికి సముద్రమే కావాలని లేదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ శిక్షణలో తెలంగాణ గురుకులాల పిల్లలు కూడా పడవ నడపడం నేర్చుకున్నారు. వాళ్లు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే 2.3 మీటర్ల చిన్న పడవ. పడవ బరువు 35 కిలోలు. కూర్చున్న పిల్లవాడి బరువూ దాదాపు అంతే ఉంటుంది. అందుకే పిల్లవాడు జానెడు ముందుకు జరిగినా పడవ నడక మారిపోతుంది. చుట్టూ భవనాలు, చెట్లు ఉండటం వల్ల చెరువు మీద గాలి క్షణానికోసారి దిక్కు మారుస్తుంది. నీటి మీద నల్లగా ముడత పడి జరిగి వస్తుంటే అక్కడ గాలి ఉన్నట్టు. ఆ ముడతను ముందే చూసి దానివైపు పడవను మళ్లించడం పిల్లలు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. పెద్ద పోటీలు జులై, ఆగస్టుల్లో పెట్టడానికి కారణం, దక్కన్ పీఠభూమి మీద నైరుతి గాలి ఒరవడిగా ఉండేది అప్పుడే కావడం.

సోమశిల దగ్గర కృష్ణలో తిరిగే పుట్టిని చూస్తే తెరచాప పడవ నిర్మాణంలోని కీలకం తేలిగ్గా అర్థమవుతుంది. వెదురు అల్లిన ఆ గుండ్రని పుట్టికి అడుగున కీల్ లేదు. గాలి ఎటు తోస్తే అటు జరుగుతుంది, తెడ్డు వదిలితే గిర్రున తిరుగుతుంది. తారిణి లాంటి పడవకు అడుగున లోతుగా దిగిన బరువైన కీల్ ఉంటుంది. అది నీటిని పట్టుకుని పక్కకు జారనివ్వదు కాబట్టే పక్కగాలి ముందుకు నడిపే బలంగా మారుతుంది. ఇక్కడో చిక్కుంది. కీల్ పని చేయాలంటే దాని మీదుగా నీరు పారాలి. పడవ మరీ నెమ్మదిస్తే కీల్ పట్టు సడలి, పడవ పక్కకు జారడం మొదలవుతుంది. వేగం పోనివ్వకూడదన్న సూత్రానికి ఇది మరో కారణం.

తెరచాపను అమర్చే తీరు కూడా మారుతుంది. బలమైన గాలిలో చదునుగా బిగించే తెరచాపను సన్నగాలిలో తాళ్లు కాస్త వదిలి పొట్ట ఉబ్బేలా చేస్తారు. అలాగని మరీ ఉబ్బితే బలహీనమైన గాలి ఆ వంపు చుట్టూ తిరగలేక మధ్యలోనే విడిపోతుంది. మధ్యస్థంగా ఉండాలి. ఎంత మధ్యస్థమో చెప్పేది తెరచాపకు రెండు వైపులా కట్టిన ఉన్ని పోగులు. పాలమూరు కల్లంలో తూర్పార పట్టే రైతు పొట్టు ఎటు పడుతోందో చూసి చేట ఎత్తినట్టే, నావికులు ఆ పోగుల వాలు చూసి తాడు లాగుతారు లేదా వదులుతారు. రెండు పోగులూ వెనక్కి సాఫీగా వాలితే గాలి రెండు వైపులా అతుక్కుని పారుతున్నట్టు. ఒకటి పైకీ కిందికీ కొట్టుకుంటే ఆ వైపు గాలి విడిపోయినట్టు.

కొయ్య చివర గాలి పడవ అంచున ఉన్న గాలి కన్నా ఎక్కువ. సముద్రపు ఉపరితలం గాలిని పట్టి ఆపుతుంది కనుక 25 మీటర్ల ఎత్తున వేగం 3 మీటర్ల ఎత్తున ఉన్నదానికన్నా సుమారు మూడో వంతు అధికం. నిశ్చల వాతావరణంలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పైన గాలి వస్తున్న దిశ కూడా కొంచెం వేరుగా తోస్తుంది. అందుకే తెరచాప పైభాగాన్ని కిందిభాగం కన్నా కొంచెం బయటికి మెలితిప్పి ఉంచుతారు. తారిణిలో ఆరు తెరచాపలున్నాయి. పెద్ద తెరచాప, ముందరివి, వెన్నుగాలికి వాడేవి, తుఫానుది. బరువైన బట్ట తన బరువుకే వాలిపోతుంది కాబట్టి సన్నగాలికి పలుచని నైలాన్ తెరచాప మేలు. దాన్ని పట్టి ఉంచే తాడు కూడా సన్నదే వాడతారు. తడిసిన లావు తాడు వేలాడితే చాలు, తెరచాప మూల కిందికి గుంజుకుపోతుంది. నూలు, నార తెరచాపల కాలంలో నావికులు వాటి మీద నీళ్లు చల్లేవారు. తడికి పోగులు ఉబ్బి, నేతలోని సందులు మూసుకుని గాలి జారిపోకుండా ఉండేది.

గాలి పడిపోయినంత మాత్రాన సముద్రం పడుకోదు. వందల మైళ్ల అవతల ఏదో తుఫాను లేపిన ఉబ్బుకెరటాలు వస్తూనే ఉంటాయి. గాలి ఒత్తిడి లేని పడవ వాటి మీద ఇటూ అటూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా తెరచాప ఒకసారి ఖాళీ అయి, మరోసారి చప్పున బిగుసుకుంటుంది. దాని అడుగున ఉండే బూమ్ దూలం దబదబా కొట్టుకుంటుంది. రోజుల తరబడి సాగే ఈ దెబ్బలు గాలివాన కన్నా ఎక్కువగా కుట్లు ఊడదీస్తాయి, తాళ్లను ఒరిపిడికి తెంపుతాయి, కీళ్లలో మేకులను వదులు చేస్తాయి. దూలాన్ని ఒక తాడుతో ముందుకు బిగించి కట్టడం ఒక ఉపాయం. అప్పటికీ తెరచాప కొట్టుకుంటుంటే దాన్ని దించేయడమే తెలివైన పని. గంటకు మైలు పోగొట్టుకున్నా ఫరవాలేదు, రెండు వేల మైళ్ల అవతల అవసరమయ్యే తెరచాప మిగులుతుంది. దించడానికి మనసొప్పక తెరచాపను చేజేతులా చింపుకోవడం కన్నా పెద్ద పొరపాటు ఈ మండలంలో లేదు.

శాంత మండలంలో గాలి ఎక్కడుందో మబ్బులు చెబుతాయి. ఎదుగుతున్న మబ్బు చుట్టుపక్కల గాలిని తన అడుక్కి లాక్కుంటుంది. వాన మొదలయ్యాక కథ తిరగబడుతుంది. చల్లబడిన గాలి వానతో పాటు కిందికి దూకి, సముద్రాన్ని తాకి అన్ని వైపులకూ పరచుకుంటుంది. మబ్బు కదిలే దిశలో ముందరి అంచున ఉన్న పడవకు మంచి గాలి దొరుకుతుంది. వెనుక చిక్కినదానికి మబ్బు దాటిపోయాక గంటల తరబడి చుక్కగాలి ఉండదు. అందుకే మబ్బు ఎటు పోతోందో కనిపెట్టి దాని ముందుండేలా దారి సర్దుకుంటారు. రాత్రిపూట రాడార్ తెర మీద వాన మచ్చలుగా కనబడుతుంది. ఈ అవకాశంతోనే ప్రమాదమూ వస్తుంది. 3 నాట్ల గాలి రెండు నిమిషాల్లో 30 నాట్లు కావచ్చు. ఒత్తిడి నూరు రెట్లు! పలుచని తెరచాప అప్పటికి దిగి ఉండాలి. సన్నగాలిలో కాపలా కూర్చున్నవారు కునుకు తీయలేకపోవడానికి కారణం ఇదే.

గాలి చేయని పనిని కొన్నిసార్లు ప్రవాహం చేస్తుంది. హిందూ మహాసముద్రంలో రెండు రుతుపవనాల నడుమ, ఏప్రిల్–మే నెలల్లోనూ అక్టోబరు–నవంబరులోనూ భూమధ్యరేఖ వెంట పడమటి గాలులు వీస్తాయి. వాటి తోపుకు నీరు సన్నని పట్టీలా తూర్పుకు పరుగెత్తుతుంది. క్లాస్ విర్ట్‌కీ 1973లో దీన్ని వివరించాడు కనుక విర్ట్‌కీ జెట్ అంటారు. దాని వేగం సెకనుకు మీటరు దాకా, అంటే దాదాపు 2 నాట్లు. ఆస్ట్రేలియా వైపు పోయే పడవకు ఇది రోజుకు నలభై మైళ్లకు పైగా ఊరికే దొరికే దూరం. పడమరకు పోయే పడవకు అంతే నష్టం. 2 నాట్లతో నడుస్తున్నామనుకున్న పడవ ఉన్నచోటే ఉండిపోవచ్చు.

పడవ అడుగు శుభ్రంగా ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది. నెమ్మదిగా కదిలే పడవకు బార్నకిల్స్ అనే గుల్లజీవులు పట్టుకుంటాయి. అవి రాపిడిని పెంచితే పడవ మరింత నెమ్మదిస్తుంది, మరిన్ని పట్టుకుంటాయి. పాతకాలపు పద్ధతుల్లో ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పోటీలో ఈ బెడదకు వేగం కోల్పోయిన పడవలున్నాయి. ఆ పోటీలో మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో ముగించాడు. గాలి పూర్తిగా ఆగిన రోజున నీళ్లలోకి దిగి, పడవకు తాడుతో కట్టుకుని అడుగు గీకడానికి వీలు దొరుకుతుంది. ఆ నిశ్చలత వల్ల కలిగే మేలు అదొక్కటే.

ప్రపంచ పరిక్రమ అనిపించుకోవాలంటే కనీసం 21,600 నాటికల్ మైళ్లు పోవాలి, అన్ని రేఖాంశాలనూ దాటాలి, భూమధ్యరేఖను రెండుసార్లయినా దాటి బయల్దేరిన రేవుకే చేరాలి. అదంతా తెరచాపల మీదే సాగాలి కాబట్టి ఇంజిన్ వేసి శాంత మండలం దాటేయడం కుదరదు. అప్పుడు మిగిలిన లెక్కలన్నీ నీళ్లవీ కరెంటువీ. గాలిమర ఉన్న పడవలో గాలి లేకపోతే కరెంటు లేదు. పడవ నడకకు నీటిలో తిరిగే జనరేటరూ ఆగుతుంది. మబ్బు పడితే సౌరఫలకాలూ సాయం రావు. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం నడవాలంటే బ్యాటరీలో ఛార్జ్ మిగలాలి. కనుక శాంత మండలంలో వాన పడగానే తెరచాప అడుగు అంచును ఎత్తి కట్టి, జారే నీటిని బకెట్లలో పడతారు. మొదటి కొద్ది నిమిషాల నీళ్లు బట్ట మీద పేరుకున్న ఉప్పుతో వస్తాయి. వాటిని బట్టలు ఉతకడానికి ఉంచి, తర్వాతి నీటిని తాగడానికి దాచుకుంటారు.

తిండి లెక్క కూడా గాలి లెక్కే. గోవా నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌కు తారిణికి 43 రోజులు పట్టింది. అలాంటి మజిలీకి సామాను సర్దేవారు అనుకున్న రోజులకు మించి, పడవ కదలని వారాలకు కూడా సరిపడా బియ్యం, పప్పు, గ్యాసు ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి కిలో పడవను ఇంకాస్త ముంచి, తడి భాగాన్ని ఇంకాస్త పెంచుతుంది. ఆ రెంటి నడుమ ఎక్కడ ఆగాలో ప్రతి సారథీ బయల్దేరే ముందు రేవులో నిర్ణయించుకోవాలి.